తోక మీద స్వస్తిక్

ఆ ఆదివారం పొద్దున వంటింట్లో పెసరట్లు వేస్తున్నాను. హాల్లోంచి మా వాడి గొంతు వినపడింది. "నానమ్మా, నీకు స్వస్తిక్ బాగా వేయడం వచ్చు కదా, దీని తోక మీద కూడా చిన్నది వేసి పెట్టవా?"

"దానికేం భాగ్యం నాన్నా! కొత్త వాహనమేగా, వేస్తే మంచిదే. ఉండు, కుంకుమ భరిణె తెస్తాను" అంటున్నారు అత్తయ్యగారు.

"కుంకుమ కాదు నానమ్మా, నల్ల రంగు. బ్రష్ ఇస్తాను."

నల్ల రంగు అనే మాట చెవిన పడగానే నా గుండె జారిపోయింది. అట్టు పెనం మీదే వదిలేసి పరిగెత్తాను. అప్పటికే అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని, సన్న బ్రష్ పట్టుకుని, ఒక గీత గీసేశారు. నేను బ్రష్ లాక్కుని, తడిగుడ్డతో ఆ గీత తుడిచేసి, విమానాన్నీ దాని అట్టపెట్టెనీ కలిపి బీరువా పైన పెట్టేశాను. మా వాడు ఏడుపు మొహం పెట్టాడు. అత్తయ్యగారు బిత్తరపోయారు. లోపల పెసరట్టు మాడిపోయింది.

మేము జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటాం. అత్తయ్యగారు మూడు నెలలు మాతో ఉండటానికి తెనాలి నుంచి వచ్చారు. మా వాడికి పదకొండేళ్ళు. పుట్టినరోజుకి వచ్చిన డబ్బులతో వాడే వెళ్ళి ఒక మోడల్ కిట్ కొనుక్కున్నాడు. ఎప్పుడూ చూడనివాళ్ళకి చెప్తున్నాను. అట్టపెట్టె తెరిస్తే చట్రాలకి అతుక్కుని ఉన్న చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. అవి కత్తిరించి, అంచులు అరగదీసి, అతికించి, రంగులు వేసుకుంటే అచ్చు అసలు విమానంలాంటి బొమ్మ తయారవుతుంది. మా వాడు కొన్నది అసలు దానిలో డెబ్భై రెండో వంతు. పూర్తయ్యాక ఈ చివర రెక్క నుంచి ఆ చివర రెక్కకి పాతిక సెంటీమీటర్లు ఉంటుంది.

ఆ విమానం పేరు ఫొకె-వుల్ఫ్ 189. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాళ్ళది. మామూలు విమానంలా ఉండదు. మధ్యలో ఒక గాజు గది, అందులో ముగ్గురు మనుషులు. దానికి అటూ ఇటూ రెండు పొడుగాటి దూలాలు, వెనక ఆ రెండిటినీ కలుపుతూ అడ్డ తోక. ఆ వింత ఆకారం చూసే మా వాడు ముచ్చటపడ్డాడు. అట్టపెట్టె మీద బొమ్మలో తోక ఖాళీగానే ఉంది. కానీ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో అసలు విమానం ఫొటో చూశాడు. దాని తోక మీద స్వస్తిక్ ఉంది. ఇంట్లో రోజూ స్వస్తిక్ వేసే నానమ్మ ఉండగా ఇంకెవర్ని అడుగుతాడు చెప్పండి!

అరిచినందుకు సాయంత్రానికి సిగ్గేసింది. అత్తయ్యగారి పక్కన కూచుని చెప్పాను. ఇక్కడివాళ్ళు దాన్ని స్వస్తిక్ అనరు, కొక్కేల శిలువ అని అర్థం వచ్చేలా హాకెన్‌క్రాయిట్స్ అంటారు. 1920లో హిట్లర్ పార్టీ దాన్ని గుర్తుగా పెట్టుకుంది, 1935లో అది దేశం జెండా అయింది. ఆ జెండా కింద అరవై లక్షల మంది యూదుల్ని చంపారు. అందుకే ఇప్పుడు ఈ దేశంలో ఆ నాజీ గుర్తుని బయట ప్రదర్శిస్తే నేరం, శిక్షాస్మృతిలో 86ఎ అని ఒక సెక్షనే ఉంది. మ్యూజియం, చదువు, కళ లాంటి వాటికి మినహాయింపులున్నాయి. మన పూజగదిలో వేసుకునే స్వస్తిక్ కోసం పెట్టిన చట్టం కాదది. కానీ యుద్ధ విమానం తోక మీద నల్లగా వేస్తే అది మన స్వస్తిక్ అవదు.

అత్తయ్యగారు అంతా విని, "మన గుర్తుని ఇలా చేశారా!" అని బాధపడ్డారు. కాసేపాగి, "మరి వాడికి ఈ సంగతి చెప్పకుండా నా మీద, వాడి మీద అరిస్తే ఎలా తెలుస్తుందమ్మాయ్?" అన్నారు.

నిజమే కదా. ఆరేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాం. మా వాడికి ఈ సంగతి నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. చిన్నపిల్లాడు, బళ్ళో పెద్ద తరగతుల్లో చెప్తారులే అనుకున్నాను.

రాత్రి మావారికి చెప్తే నవ్వేశారు. "ప్లాస్టిక్ బొమ్మ, దానికింత రాద్ధాంతమా? ఫోన్ పట్టుకోకుండా గంటలు గంటలు ఓపిగ్గా కూచుంటున్నాడు, సంతోషించక" అన్నారు. ఇక్కడి తెలుగు స్నేహితురాలికి ఫోన్ చేస్తే దానికి సరిగ్గా వ్యతిరేకం. "మనకెందుకమ్మా ఆ గొడవలు? తీసి పారేసి ఒక కారు బొమ్మ కొనిపెట్టు" అంది. రెండూ సబబుగానే ఉన్నాయి. అయినా రెండూ నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

మా కింది ఇంట్లో ఎనభై దాటిన ఒక జర్మన్ తాతగారు ఉంటారు. ఆయన సెల్లార్ నిండా బొమ్మ రైళ్ళు, స్టేషన్లు, చిన్న చిన్న ఇళ్ళు. మా వాడికి ముక్కలు కత్తిరించడం, అతికించడం నేర్పింది ఆయనే. రెండో రోజు సాయంత్రం విమానం పెట్టె తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఇది పిల్లాడి చేతిలో ఉంటే మీలాంటివాళ్ళకి కష్టంగా ఉంటుందా అని అడుగుదామని.

ఆయన పెట్టె మీద బొమ్మ చాలాసేపు చూశారు. తరవాత నేను అడగని సంగతి చెప్పారు. వాళ్ళ నాన్న సైన్యంలో చేరి రష్యా వైపు యుద్ధానికి వెళ్ళారట. ఆఖరి ఉత్తరం 1944 జూన్‌లో బెలారుస్ నుంచి వచ్చిందట. అంతే, మనిషి తిరిగి రాలేదు, కబురూ లేదు. అప్పటికి ఈయనకి రెండేళ్ళు. "మా అమ్మ ప్రతి శనివారం ఆయన ఫొటో తుడిచేది. ఏమీ చెప్పేది కాదు. మేము అడిగేవాళ్ళం కాదు. అడిగితే అమ్మ బాధపడుతుందని ఊరుకున్నాం. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్ళెవరూ లేరు. మా నాన్న అక్కడ ఏం చూశాడో, ఏం చేశాడో నాకు తెలియదు. ఆయన మంచివాడో కాదో కూడా తెలియదు" అన్నారు. ఎనభయ్యేళ్ళ మనిషి ఆ మాట అంటుంటే ఏం చెప్పాలో తోచలేదు. నేను లేచి వస్తుంటే, "మీ అబ్బాయి అడుగుతున్నాడు కదా, అది మంచిదే" అన్నారు.

ఆ రాత్రి విమానం గురించి దొరికింది దొరికినట్టు చదివాను. తెల్లారి బీరువా మీంచి పెట్టె దించి మా వాడికి ఇచ్చాను. ఒక షరతు పెట్టాను. నువ్వు చెయ్యి, నేను పక్కన కూచుంటాను, ఇది ఏం చేసిందో ఇద్దరం మాట్లాడుకుంటూ చేద్దాం అని.

నేను కూచోవడానికి పనీ దొరికింది. ఆ గాజు గదికి బోలెడన్ని చిన్న చిన్న అద్దాలు. రంగు వేసేటప్పుడు అద్దాల మీద పడకుండా ఒక్కోదానికీ టేపు ముక్క కోసి అంటించాలి. బియ్యపు గింజంత ముక్కలు కూడా ఉంటాయి. ఇరవయ్యేళ్ళుగా జాకెట్లకి పైపింగ్ కుట్టుకుంటున్న చేతులు కదా, మా వాడికంటే నాకే బాగా కుదిరింది. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ నాలుగు సాయంత్రాలూ మాట్లాడుకున్నాం.

"అమ్మా, ఇది బాంబులేసే విమానం కాదు, ఫొటోలు తీసేది. దీనికేం పాపం?" అని మొదలుపెట్టాడు. వాడి మాటలో కొంత నిజం ఉంది. చిన్న బాంబులు మోసేదే గానీ దీని అసలు పని నిఘా. జర్మనీ వాళ్ళు దీన్ని ఎగిరే కన్ను అనేవారు. ఊహూ అని ఇంకో పేరు, అంటే పెద్ద గుడ్లగూబ. మా వాడి స్కూలు బ్యాగులో ఉండే గమ్ పేరూ అదే, అదీ గుడ్లగూబ పేరే. మరీ వేగంగా వెళ్ళేది కాదు, గంటకి 350 కిలోమీటర్లు. ఆ గాజు గదిలో కూచుని కింద సైన్యం ఎక్కడుంది, ఫిరంగులు ఎక్కడ దాచారు, ఏ దారిన బళ్ళు వెళ్తున్నాయి అని చూసి కబురు చెప్పేవాళ్ళు. ఇది పైన తిరిగి వెళ్ళిందంటే కాసేపటికి గుండ్లు పడతాయని కింద ఉన్న సోవియట్ సైనికులకి తెలుసు. అందుకే దీన్ని చూస్తే వాళ్ళకి వణుకు. అడవుల్లో దాక్కుని పోరాడేవాళ్ళని వెతకడానికి కూడా దీన్నే పంపేవారు.

"మన ఊళ్ళో ఒక గొడవ జరిగిందనుకో. కర్ర పట్టుకుని కొట్టినవాడిదే తప్పా, 'అదిగో, ఆ ఇంట్లో దాక్కున్నాడు' అని వేలు చూపించినవాడికి లేదా?" అని అడిగాను. వాడు టేపు కోయడం ఆపి ఆలోచించాడు. "చూపించినవాడిదీ తప్పే. కానీ వాడు భయపడి చూపించాడేమో?" అన్నాడు. అదీ నిజమే. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు, లేదనే చెప్పాను.

ఒక సాయంత్రం అత్తయ్యగారు కూడా వచ్చి కూచున్నారు. "ఈ విమానాన్ని రష్యా వాళ్ళు ఏమనేవారో తెలుసా నానమ్మా? రామా!" అన్నాడు మా వాడు. ఆమె ఉలిక్కిపడ్డారు. రష్యన్ భాషలో రామా అంటే చట్రం, కిటికీ ఫ్రేము లాంటిది. రెండు దూలాలు, అడ్డ తోక కలిపి కింద నుంచి చూస్తే చట్రంలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. మన రాముడికీ దానికీ సంబంధం లేదు. అయినా అత్తయ్యగారు చాలాసేపు ఆ మాట దగ్గరే ఆగిపోయారు. "రామా అని కేక వినపడితే దణ్ణం పెట్టుకుంటాం మనం. ఆ పేరు విని గుంటల్లో దూరి దాక్కున్నారా వాళ్ళు!" అన్నారు.

ఇంకో సంగతి ఉంది. ఈ విమానం చేసిన కంపెనీలో డిజైన్ పనులకి పెద్ద కుర్ట్ టాంక్ అనే ఇంజనీరు. ఆయన యుద్ధం అయ్యాక 1950లలో మన దేశానికి వచ్చి బెంగళూరు హెచ్.ఏ.ఎల్.లో మారుత్ అనే యుద్ధ విమానం రూపొందించాడు. అది 1961లో మొదటిసారి ఎగిరింది. ఒకే మనిషి బుర్ర, ఒకే విద్య. ఒకప్పుడు హిట్లర్ సైన్యానికి పనిచేసింది, తరవాత మనకి పనిచేసింది. తోక మీద స్వస్తిక్ లాంటి గుర్తు, రామా అని పిలుపు, మారుత్‌తో చుట్టరికం. ఇన్ని ఉన్నా ఆ విమానం మంచిదైపోలేదు. పిల్లలకి చెప్పాల్సింది ఇదే అనిపించింది నాకు. పేరు చూసి, పెట్టిన బొట్టు చూసి దేన్నీ మంచిదనుకోకూడదు. అది ఎవరికి ఏం చేసిందో అడగాలి.

ఆ అడగాల్సిన సంగతే కిట్ పెట్టెలో ఉండదు. రెక్కల పొడవు ఎంత, ఇంజిన్లు ఎన్ని, ఏ భాగానికి ఏ రంగు వేయాలి, అన్నీ కాగితం మీద వివరంగా ఉంటాయి. అదంతా పైన కూచున్నవాళ్ళ కథ. కింద ఉన్నవాళ్ళ కథ ఉండదు. ఈ విమానాలు ఎనిమిది వందల పైచిలుకు తయారయ్యాయి, వాటిలో చాలా భాగం జర్మనీ ఆక్రమించిన ప్రాగ్‌లో, ఫ్రాన్స్‌లోని బోర్డోలో. ఇవి ఎక్కువగా ఎగిరింది సోవియట్ నేల మీద. ఆ యుద్ధంలో ఆ దేశం పోగొట్టుకున్నది దాదాపు 2 కోట్ల 70 లక్షల మందిని. ఆ అంకె పదకొండేళ్ళ పిల్లాడి బుర్రకి అందదు, నాకే అందదు. అందుకని ఒకే ఒక్క ఊరి సంగతి చెప్పాను. బెలారుస్‌లో ఖతిన్ అనే పల్లె. 1943 మార్చి 22న ఆ ఊరివాళ్ళని ఒక కొట్టంలోకి తోలి నిప్పు పెట్టారు. 149 మంది చనిపోయారు, అందులో 75 మంది పిల్లలు. అంతకుమించి వివరాలు చెప్పలేదు. చెప్పింది చాలు అనుకున్నాను.

పైనున్నవాళ్ళూ రాక్షసులు కారని కూడా చెప్పాను. 1943 మేలో ఒక ఊహూని ఉత్తర రష్యా అడవుల్లో కూల్చేశారు. దాని పైలట్ ప్రాణాలతో బయటపడి, గడ్డకట్టే చలిలో చెట్ల బెరడు తింటూ రెండు వారాలు నడిచి తన స్థావరానికి చేరాడు. ఆ విమానం శిథిలం 1991లో గానీ దొరకలేదు. అతనికీ ఇంటి దగ్గర ఎదురుచూసే అమ్మ ఉండే ఉంటుంది. మా కింది తాతగారింట్లో ఎదురుచూసినట్టే.

అన్నిటికంటే మా వాడిని కదిలించింది మాత్రం పెట్టె పక్కన అక్షరాలు. ఆ కిట్ చేసిన ఐసీఎం అనే కంపెనీ ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఉంది. ఎనభయ్యేళ్ళ కిందట ఈ విమానం ఏ ఆకాశంలో తిరిగి ఎవర్ని భయపెట్టిందో, వాళ్ళ దేశంలోనే ఇవాళ దాని బొమ్మ తయారవుతోంది. ఇప్పుడు ఆ ఆకాశంలో చూసి చెప్పే పని చిన్న చిన్న డ్రోన్లు చేస్తున్నాయి. మా వాడి క్లాసులో ఉక్రెయిన్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది. "తనకి ఇది చూపించను అమ్మా" అన్నాడు వాడే. నేను చెప్పలేదు.

ఇప్పుడు నా మాట చెప్తాను. పిల్లలు యుద్ధ బొమ్మలు ముట్టుకుంటే చెడిపోతారని నేననుకోను. తీసి పారెయ్యమన్న స్నేహితురాలి మాట వింటే ఇంట్లో గొడవ తగ్గేది, వాడి ప్రశ్నలు మాత్రం వేరేచోట సమాధానాలు వెతుక్కునేవి. ఇంటర్నెట్‌లో ఆ విమానాల్ని, ఆ గుర్తుని గొప్పగా చూపించేవాళ్ళకి కొదవలేదు. ఇక బొమ్మే కదా అని వదిలెయ్యమన్న మావారి మాట. ఓపిక, చేతిపని వస్తాయి, ఒప్పుకుంటాను. కానీ ఎంతో ప్రేమగా, రోజుల తరబడి, తన చేతులతో చేసుకున్న వస్తువు మీద పిల్లాడికి మమకారం పుడుతుంది. దాని రెండో సగం కథ తెలియకుండా పుట్టే మమకారం గురించే నా భయం. వద్దని లాక్కోవడం, చెప్పకుండా వదిలెయ్యడం, రెండూ మన పని తప్పించుకోవడమే. కింది తాతగారి అమ్మ కూడా మంచిదే, పిల్లల్ని బాధపెట్టకూడదనే నోరు మూసుకుంది. ఆ మౌనాన్ని కొడుకు ఎనభయ్యేళ్ళు మోశాడు.

ఈ పని ఎక్కువగా మన ఆడవాళ్ళ మీదే పడుతుంది. పిల్లలు ప్రశ్నలు అడిగేది మనం కూర తరుగుతున్నప్పుడు, బట్టలు మడత పెడుతున్నప్పుడు. నాకేం తెలుసు యుద్ధాల గురించి అని నేనూ చాలాకాలం తప్పించుకున్నాను. తెలుసుకోవడానికి ఒక రాత్రి చాలింది. అంతా తెలియక్కర్లేదు. తెలియనిచోట తెలియదని చెప్తూ పక్కన కూచుంటే చాలు. పదకొండేళ్ళకి ఎంత చెప్పాలి అంటారా, అది ఏ పిల్లాడి తల్లికి ఆ తల్లికే తెలియాలి. నేను ఖతిన్ సంగతి చెప్పిన రాత్రి మా వాడు నా పక్కన పడుకుంటానన్నాడు. తొందరపడ్డానా అని ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అయినా చెప్పకుండా ఉండాల్సిందని మాత్రం అనిపించలేదు.

విమానం పూర్తయింది. టేపులు తీసేస్తే అద్దాలు తళతళలాడాయి, కాస్త గర్వంగానే ఉంది నాకు. తోక ఖాళీగా ఉంచాడు. దాన్ని ఒక చెక్క మీద సన్న ఊచ పాతి, ఎగురుతున్నట్టు నిలబెట్టాడు. తరవాత కిందికి వెళ్ళి తాతగారిని అడిగి, ఆయన రైళ్ళ ఊళ్ళోంచి ఒక చిన్న ఇల్లు తెచ్చాడు. పెంకుటిల్లు, పక్కన తీగ మీద ఆరేసిన బట్టలు. దాన్ని సరిగ్గా విమానం కింద అతికించాడు.

"ఇల్లు కొంచెం చిన్నదైంది అమ్మా, రైలు బొమ్మలది ఎనభై ఏడో వంతు, దీనిది డెబ్భై రెండో వంతు, కొలత కుదరలేదు" అన్నాడు, నిజమైన మోడల్ పనివాడిలా గొణుక్కుంటూ.

కుదరకపోయినా అలాగే ఉంచమన్నాను.